గేమ్ ఆగి ఆగి నడుస్తోందా? కార్డ్ కొనే ముందు ఇవి చూడండి

"అన్నా, గేమ్ ల్యాగ్ కొడుతోంది, గ్రాఫిక్స్ కార్డ్ మార్చేద్దామా?" అని నన్ను అడిగే పిల్లల్లో చాలామంది అప్పటికే మోడల్ కూడా ఎంచుకుని ఉంటారు. తిరుపతి నుంచి చెన్నైలో కంప్యూటర్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌కి పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేసే దూరమే కాబట్టి, డబ్బు చేతిలో ఉంటే ఆ తొందర ఇంకా ఎక్కువ. నేను మాత్రం ముందు ఒకటే అడుగుతాను: గేమ్ సరిగ్గా ఎప్పుడు ఆగుతోంది? మొదటి నుంచా, పావుగంట తర్వాతా, కొత్త చోటికి వెళ్లినప్పుడా, నలుగురు కలిసి ఆడేటప్పుడా? ఆ జవాబు సరిగ్గా వస్తే కారణం దాదాపు దొరికినట్టే.

ముందు కొలవండి

ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెరమీదికి వచ్చే ఫ్రేములు, అంటే బొమ్మలు) అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం. 60 ఎఫ్‌పీఎస్ అంటే ఒక్కో ఫ్రేమ్‌కి సుమారు 16.7 మిల్లీసెకన్లు. ఒక సెకనులో ఒకే ఒక్క ఫ్రేమ్ 100 మిల్లీసెకన్లు తీసుకుని, మిగతావన్నీ సరిగ్గా వచ్చాయనుకోండి. కౌంటర్ 55 అని చూపిస్తుంది. 55 బాగానే ఉంది కదా అనిపిస్తుంది, కానీ కంటికి ఆ కుదుపు స్పష్టంగా తెలుస్తుంది. అందుకే ఒక్కో ఫ్రేమ్‌కి పట్టిన సమయాన్ని చూపించే ఫ్రేమ్ టైమ్ గ్రాఫ్ చూడాలి. గీత సాఫీగా ఉంటే గేమ్ సాఫీగా ఉంటుంది, గీత మధ్యలో నిట్టనిలువుగా లేచిన ప్రతిచోటా ఒక కుదుపు ఉంటుంది.

ఎమ్మెస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్, దాంతోపాటు వచ్చే రివా ట్యూనర్ అనే ప్రోగ్రాములు వేసుకోండి. రెండూ ఉచితమే, ఏ కంపెనీ కార్డ్‌కైనా పనిచేస్తాయి. ఫ్రేమ్ టైమ్ గ్రాఫ్, జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) వాడకం, సీపీయూ (ప్రాసెసర్)లో ఒక్కో కోర్ వాడకం, రెండింటి వేడి, క్లాక్ స్పీడ్ (చిప్ పనిచేసే వేగం), వీర్యామ్ (గ్రాఫిక్స్ కార్డ్ సొంత మెమరీ), ర్యామ్ తెరమీద కనిపించేలా పెట్టండి. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 ఆడేవాళ్లకు ఇంత కూడా అక్కర్లేదు. ఫ్రేమ్ రేటు, పింగ్ (సర్వర్ దాకా వెళ్లి రావడానికి పట్టే సమయం), ప్యాకెట్ లాస్ (దారిలో పోయే డేటా) చూపించే ఏర్పాటు ఆ గేమ్ సెట్టింగ్స్‌లోనే ఉంది.

ఒకేచోట, ఒకే సీన్‌లో పరీక్షించండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. ఐదు సెట్టింగ్స్ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

పావుగంట బాగుంటుంది, తర్వాత పడిపోతుంది

మన ఊళ్లో అన్నింటికంటే ముందు అనుమానించాల్సింది ఇదే. కారణం వేడి. ప్రాసెసర్ తన హద్దు దాటకుండా తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు ఆ హద్దు 100 డిగ్రీలు, చాలా ఏఎండీ రైజెన్లకు 95. మే నెల మధ్యాహ్నం తిరుపతిలో బయట 40 దాటుతుంది, పై అంతస్తు గది అయితే రాత్రి పదింటికి కూడా గోడలు సెగలు కక్కుతుంటాయి. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే లోపలి చిప్ కూడా దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. జనవరిలో బాగా నడిచిన గేమ్ మే నెలలో నడవకపోవడానికి కొత్త అప్‌డేటే కారణమని చాలామంది నమ్ముతారు. అదే సీన్ తెల్లవారుజామున ఒకసారి ఆడి చూడండి, తేడా తెలిసిపోతుంది.

భవానీ నగర్‌లో ఒక కుర్రాడి ల్యాప్‌టాప్ ఇలాగే చూశాను. పరుపు మీద పెట్టుకుని ఆడుతున్నాడు. మొదట క్లాక్ 3.9 గిగాహెర్ట్జ్, వేడి 84. పది నిమిషాలకు వేడి 97కి చేరింది, క్లాక్ 2.1కి పడిపోయింది, గ్రాఫ్‌లో గీత రంపంలా తయారైంది. పరుపు కింది గాలి రంధ్రాలను పూర్తిగా మూసేసింది. చెక్క బల్ల మీద పెట్టి, వెనకవైపు రెండు పుస్తకాలతో ఎత్తు చేస్తే అదే గేమ్ 88 దగ్గర ఆగింది. ఒక్క రూపాయి ఖర్చు కాలేదు.

అది చాలకపోతే దుమ్ము. ఫ్యాన్‌కీ, రాగి రేకులకీ మధ్య దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంటుంది, బయటినుంచి చూస్తే కనబడదు. వెనక మూత తీసి బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి. అది గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది. మూడు నాలుగేళ్ల మెషీన్ అయితే చిప్ వేడిని రేకులకు చేర్చే థర్మల్ పేస్ట్ కూడా మార్పించండి. డెస్క్‌టాప్‌లో పక్క ప్యానెల్ తీసి ఆడి చూడండి, వేడి బాగా తగ్గితే క్యాబినెట్‌లో గాలి ఆడట్లేదని అర్థం. ఎండాకాలంలో ఎయిర్ కూలర్‌ని క్యాబినెట్ వైపు తిప్పి పెట్టేవాళ్లు కొందరున్నారు. దయచేసి అలా చేయకండి, ఆ తేమ బోర్డుకు మంచిది కాదు.

వెంటనే ఉపశమనం కావాలంటే ఫ్రేమ్ రేటుకు హద్దు పెట్టండి. 90కీ 60కీ మధ్య ఊగే గేమ్‌ని రివా ట్యూనర్‌లో 60 దగ్గర కట్టేస్తే చిప్ మీద భారం తగ్గుతుంది, వేడి తగ్గుతుంది, గీత సాఫీ అవుతుంది. ఎండాకాలానికి నా మటుకు ఇదే మంచి మందు.

ల్యాప్‌టాప్ ఛార్జర్ తీయగానే ఫ్రేములు సగానికి పడితే అది పాడైనట్టు కాదు, బ్యాటరీ అంత కరెంట్ ఇవ్వలేదు, అంతే. ఛార్జర్ పెట్టి ఆడండి. స్నేహితుడి దగ్గర తెచ్చిన తక్కువ వాట్ల ఛార్జర్ పెట్టినా ఇదే జరుగుతుంది.

మొదటి నుంచీ తక్కువే, జీపీయూ మాత్రం ఖాళీగా ఉంది

డెస్క్‌టాప్ వెనక చూడండి. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డ్‌కి కాకుండా మదర్‌బోర్డ్‌కి పెట్టి ఉంటే వెంటనే మార్చండి. ఇల్లు మారినప్పుడు, సిస్టమ్ సర్వీస్‌కి ఇచ్చి తెచ్చినప్పుడు ఇది తరచూ జరుగుతుంది. ల్యాప్‌టాప్‌లో అయితే విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌లోకి వెళ్లి ఆ గేమ్‌కి హై పెర్ఫార్మెన్స్ ఎంచుకోండి.

రెండూ సరిగ్గా ఉంటే రిజల్యూషన్ 720కి తగ్గించి ఆడండి. ఎఫ్‌పీఎస్ పెరగకపోతే అడ్డం పడుతున్నది సీపీయూ. మొత్తం సీపీయూ వాడకం 35 శాతమే ఉంది కదా అనుకోవద్దు. చాలా గేమ్‌ల భారం ఒకటి రెండు కోర్ల మీదే పడుతుంది, అవి 100 కొట్టేసి ఉంటాయి. ఇలాంటప్పుడు జనసమ్మర్దం, నీడలు, దూరపు దృశ్యాల సెట్టింగ్స్ తగ్గించాలి. వెనక నడిచే బ్రౌజర్, డౌన్‌లోడ్లు, స్క్రీన్ రికార్డింగ్ ఆపాలి. ఈ పరిస్థితిలో కొత్త కార్డ్ కొన్నా ఫలితం ఉండదు.

ఏ గేమూ తెరవకుండానే జీపీయూ గానీ సీపీయూ గానీ గట్టిగా పనిచేస్తుంటే జాగ్రత్త. క్రాక్ చేసిన గేమ్‌లతో పాటు క్రిప్టో మైనర్లు (మీ మెషీన్‌తో ఇంకొకరికి క్రిప్టో డబ్బు సంపాదించిపెట్టే దొంగ ప్రోగ్రాములు) దిగే ప్రమాదం ఉంది. అప్పుడు సెట్టింగ్స్ వెతకడం వృథా, విండోస్ మళ్లీ వేయడమే మంచిది.

ప్రతిచోటా చిన్న చిన్న కుదుపులు

ఎస్వీ యూనివర్సిటీ విద్యార్థి ఒకతను కార్డ్ కొందామని బయల్దేరుతూ తన సిస్టమ్ నాకొకసారి చూపించాడు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచాం. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కితే కింద కుడివైపు మొత్తం రాసి ఉంది: స్పీడ్ 2400, స్లాట్స్ యూజ్డ్ 1 ఆఫ్ 2. పైన 8 జీబీలో 7.6 నిండిపోయింది. ర్యామ్ నిండితే విండోస్ డిస్క్‌లోని పేజ్ ఫైల్‌ని వాడుకుంటుంది, అలా వెళ్లి వచ్చిన ప్రతిసారీ ఒక కుదుపు. పైగా ఒకే స్టిక్ కాబట్టి మెమరీ సింగిల్ ఛానల్‌లో, అంటే రెండు దారులకు బదులు ఒకే దారిలో నడుస్తోంది. అతను సరిపోయే ఇంకో 8 జీబీ స్టిక్ పక్కన పెట్టించుకున్నాడు. కుదుపులు పోయాయి, కార్డ్ డబ్బు మిగిలింది.

ప్రత్యేక కార్డ్ లేకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే ఆడేవాళ్లకు రెండు స్టిక్కుల తేడా ఇంకా ఎక్కువ. ఎందుకంటే వాళ్ల గ్రాఫిక్స్ వాడుకునేది కూడా ఆ ర్యామ్‌నే. డెస్క్‌టాప్‌లో నాలుగు స్లాట్లుంటే సాధారణంగా సీపీయూ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ వాడాలి. స్టిక్ మీద 3200 అని రాసి ఉన్నా టాస్క్ మేనేజర్‌లో 2133 కనబడితే, బయోస్‌లో (మదర్‌బోర్డ్ సొంత సెట్టింగ్స్‌లో) ర్యామ్‌ని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎమ్‌పీ ఆన్ చేయలేదని అర్థం.

మొదటిసారి మాత్రమే ఆగుతుంది

కొత్త ఆయుధం పేల్చినప్పుడు ఒక్క క్షణం ఆగుతుంది, రెండోసారి ఆగదు. ఇది షేడర్ల వ్యవహారం. వెలుగు, పొగ, నీళ్లు ఎలా కనబడాలో చెప్పే చిన్న ప్రోగ్రాములే షేడర్లు. వాటిని మీ కార్డ్‌కి తగ్గట్టు ఒకసారి కంపైల్ చేయాలి. ఆ పని ఆట మధ్యలో జరిగితే ఫ్రేమ్ ఆగుతుంది. గేమ్‌కీ కార్డ్‌కీ మధ్య పనిచేసే డైరెక్ట్‌ఎక్స్ 12 వాడే గేమ్‌లలో, ముఖ్యంగా అన్‌రియల్ ఇంజిన్ అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్ మీద చేసినవాటిలో ఇది ఎక్కువ.

గేమ్ మొదట్లో షేడర్లు సిద్ధం చేస్తున్నాం అంటే టీ తాగి రండి గానీ మధ్యలో ఆపకండి. డ్రైవర్ మార్చిన ప్రతిసారీ ఆ పని మళ్లీ మొదలవుతుంది, కాబట్టి అప్‌డేట్ చేసిన మొదటి రోజు కుదుపులు చూసి కంగారు పడొద్దు. ఎన్‌విడియా కార్డ్ అయితే ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో షేడర్ క్యాష్ (కంపైల్ అయిన షేడర్ల నిల్వ) సైజు 10 జీబీకి పెంచండి. "క్లీనర్" ప్రోగ్రాములు ఈ క్యాష్‌నే చెత్త అని తుడిచేస్తాయి. నా అభిప్రాయంలో క్లీనర్లు, ఎఫ్‌పీఎస్ బూస్టర్లు సిస్టమ్‌లో ఉండకూడని వస్తువులు. గేమ్‌లో డైరెక్ట్‌ఎక్స్ 11 ఎంచుకునే వీలుంటే అదీ ప్రయత్నించండి. ఇన్ని చేసినా పోకపోతే తప్పు మీ మెషీన్‌ది కాదు, గేమ్ చేసినవాళ్లు ప్యాచ్ ఇవ్వాల్సిందే.

బండి వేగంగా నడిపితే ఆగుతుంది

నడుస్తుంటే బాగుంది, కారెక్కి ఊరు దాటేసరికి కుదుపులు. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం చూపిస్తుంటే గేమ్ పాత హార్డ్ డిస్క్‌లో ఉందన్నమాట. దాన్ని అంతకంటే వేగమైన ఎస్‌ఎస్‌డీలోకి మార్చండి. స్టీమ్‌లో అయితే మళ్లీ డౌన్‌లోడ్ చేయక్కర్లేదు, గేమ్ ప్రాపర్టీస్‌లో ఇన్‌స్టాల్డ్ ఫైల్స్‌లోనే మూవ్ అనే బటన్ ఉంది. సైబర్‌పంక్ 2077 తయారీదారులు 2023లో కనీస అవసరాల నుంచి హార్డ్ డిస్క్‌ని తీసేసి ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి చేశారు.

డిస్క్ మీద భారం లేకుండా, వీర్యామ్ నిండిపోయి ఉంటే కారణం టెక్స్చర్లు (గేమ్‌లో గోడలు, నేల లాంటివాటి మీద అంటించే బొమ్మలు). 4 జీబీ కార్డ్ మీద అల్ట్రా టెక్స్చర్లు పెడితే మిగిలింది సిస్టమ్ ర్యామ్‌లోకి పొంగుతుంది. కెమెరా గిర్రున తిప్పినప్పుడు అక్కడినుంచి తెచ్చుకోవడంలో ఆలస్యం. టెక్స్చర్ ఒక్కటి మీడియం చేసి చూడండి.

60 నుంచి ఒక్కసారిగా 30కి

కొన్ని గేమ్‌లలో ఫ్రేములను మానిటర్ వేగానికి కట్టేసే వీ-సింక్ ఆన్‌లో ఉంటే, కార్డ్ 60 అందుకోలేని క్షణంలో నేరుగా 30కి దించేస్తుంది. ఫ్రేముల వేగానికి మానిటరే సర్దుకునే ఫ్రీసింక్ గానీ జీ-సింక్ గానీ మానిటర్‌కి ఉంటే ఆన్ చేసి, మానిటర్ రేటు కంటే మూడు తక్కువకి హద్దు పెట్టండి, అంటే 144 అయితే 141. లేకపోతే సెట్టింగ్స్ కొంచెం తగ్గించండి.

ఏ గేమ్ ఆడినా అప్పుడప్పుడూ, శబ్దంతో సహా

రైజెన్ సిస్టమ్, విండోస్ 11. ఏ సంబంధమూ లేకుండా సెకనో రెండు సెకన్లో అంతా ఆగిపోతుంది, పాట కూడా తెగుతుంది. దీని వెనక ఎఫ్‌టీపీఎమ్ అనే భద్రతా భాగం ఉందని 2022 మార్చిలో ఏఎండీయే ఒప్పుకుంది, ఆ ఏడాదే బోర్డు కంపెనీలు కొత్త బయోస్ ఇచ్చాయి. పాత బయోస్ మీదే ఉంటే అప్‌డేట్ చేయండి. అయితే డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో ముందు చూసుకుని రికవరీ కీ రాసి పెట్టుకోండి. మధ్యలో కరెంట్ పోతే బోర్డే పోతుంది కాబట్టి యూపీఎస్ లేకుండా బయోస్ జోలికి వెళ్లొద్దు.

ఫ్రేములు బాగున్నాయి, పాత్ర వెనక్కి లాగినట్టు వస్తోంది

ఇది నెట్. కార్డ్‌తో సంబంధమే లేదు. కమాండ్ ప్రాంప్ట్‌లో మీ రౌటర్ అడ్రస్‌కే పింగ్ పెట్టండి, చాలా ఇళ్లలో అది 192.168.1.1. ఒకటి రెండు మిల్లీసెకన్లు రావాల్సిన చోట మధ్యమధ్య 80, 150 వస్తుంటే సమస్య మీ ఇంట్లోని వైఫైలోనే ఉంది. ల్యాన్ కేబుల్ లాగండి, కుదరకపోతే 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి మారండి. రౌటర్ దాకా బాగుండి బయట ఎగురుతుంటేనే నెట్ కంపెనీకి ఫోన్ చేయండి. గేమ్‌లో సర్వర్ ఎంపిక కూడా చూసుకోండి. కౌంటర్ స్ట్రైక్ 2కి చెన్నైలోనే సర్వర్ ఉంది, వాలరెంట్‌కి ముంబైలో ఉంది. పొరపాటున సింగపూర్‌కి కలిస్తే పింగ్ పెరగడం సహజం.

కార్డ్ ఎప్పుడు మార్చాలి

పైవన్నీ చూశాక, జీపీయూ వాడకం ఎప్పుడూ 97 నుంచి 99 మధ్యే ఉంటూ, వేడి అదుపులో ఉండి, సెట్టింగ్స్ తగ్గించినా మీకు కావలసిన ఎఫ్‌పీఎస్ రాకపోతే, అప్పుడు మార్చండి. రైలెక్కే ముందు మూడు కొలతలు రాసుకోండి: మీ పవర్ సప్లై ఎన్ని వాట్లు, అందులో కార్డ్‌కి కావలసిన పిన్ కనెక్టర్లు ఉన్నాయా, క్యాబినెట్‌లో కార్డ్‌కి ఎన్ని మిల్లీమీటర్ల చోటుంది. సెకండ్ హ్యాండ్ అయితే దుకాణంలోనే కార్డ్ మీద పూర్తి భారం వేసి పరీక్షించే ఫర్‌మార్క్‌ని పావుగంట నడిపించి, వేడి, ఫ్యాన్ శబ్దం చూసి, బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకున్నాకే డబ్బు ఇవ్వండి.