కిక్ పడ్డప్పుడల్లా మాస్టర్ ఎర్రబడుతుంటే

కడపలో ఊరేగింపు డీజే సెట్ కోసం కట్టిన ట్రాక్ ఇది. కిక్ (బలమైన డ్రమ్ము దెబ్బ), బేస్ కలిసిన చోటల్లా మాస్టర్ (అన్ని ఛానెళ్లూ కలిసే చివరి ఛానెల్) మీటరు 0 హద్దు దాటి +3 డీబీకి ఎక్కి, 24 బిట్ వేవ్ ఫైల్‌లో శబ్దం పగిలిపోయింది. మాస్టర్ ఫేడర్ దించితే సరిపోదు. దానికి ముందున్న లిమిటర్‌కు (శబ్దాన్ని హద్దు దాటకుండా ఆపే ప్లగిన్) అదే బలమైన సిగ్నల్ వెళ్తుంది.

లిమిటర్ ఆపేసి, ఫేడర్లన్నీ దించి, ముందు కిక్ ఒక్కటే పెట్టాను. పీక్ (శబ్దం చేరే అత్యధిక స్థాయి) -10 డీబీ. తర్వాత బేస్. సమానమైన రెండు పీక్‌లు ఒకే ఫేజ్‌లో (తరంగాలు ఒకేసారి పైకీ కిందికీ కదులుతూ) కలిస్తే 6 డీబీ పెరుగుతుంది, అసలు గొడవ ఇక్కడే. బేస్ మీద సైడ్‌చెయిన్ కంప్రెసర్ (కిక్ పడ్డప్పుడల్లా బేస్‌ను తగ్గించేది) పెట్టి, రిలీజ్ (తగ్గిన శబ్దం తిరిగి లేచే సమయం) 100 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టి, తర్వాతి కిక్‌లోపు బేస్ తేరుకునేలా చెవితో సరిచేశాను. క్లాప్, లీడ్ చేరాక మాస్టర్ పీక్ -6 దగ్గర నిలిచింది.

సింత్ ప్రీసెట్లు (సిద్ధంగా వచ్చే శబ్దాలు) మరీ గట్టిగా వస్తాయి, వాటిని సింత్ అవుట్‌పుట్ దగ్గరే తగ్గించాలి. కంప్రెసర్ అప్పటికే కుదిరి ఉంటే మాత్రం ట్రిమ్ (లెవెల్ తగ్గింపు) దాని తర్వాతే పెట్టండి, లేకపోతే థ్రెషోల్డ్ (కంప్రెసర్ పని మొదలుపెట్టే స్థాయి) లెక్క తప్పుతుంది. కిక్‌కు నిటారైన హైపాస్ (కింది ఫ్రీక్వెన్సీలను కోసే ఫిల్టర్) వద్దు. ఫేజ్ జరిగి పీక్ ఒక్కోసారి పెరుగుతుంది కూడా.

చివర్లో మళ్లీ ఆన్ చేసిన లిమిటర్ సీలింగ్ (పై హద్దు) ట్రూ పీక్ (శాంపిళ్ల మధ్య లేచే పీక్‌లనూ లెక్కించే కొలత) -1 డీబీ. ఎందుకంటే ఎంపీ3గా మార్చేటప్పుడు పీక్‌లు కాస్త పైకి లేస్తాయి.