మోంటానా అడవుల్లో ఒక వేసవంతా క్యాంపు వంట చేయడం ఎలా?

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో ఉన్న బాబ్ మార్షల్ వైల్డర్‌నెస్ పది లక్షల ఎకరాల పైచిలుకు అడవి. లోపల రోడ్లు లేవు. 1964 నాటి చట్టం ప్రకారం అక్కడ బండ్లు తిరగకూడదు, మోటారు రంపం కూడా వాడకూడదు. సామాను మోసేవి కంచర గాడిదలే. వాటితో జనాన్ని లోపలికి తీసుకెళ్లే ఔట్‌ఫిట్టర్లకు ప్రతి వేసవీ వంటమనిషి కావాలి. నేనొక వేసవి ఆ పని చేశాను.

పని అడగడం

చలికాలంలోనే అడగండి. కనుమల్లో మంచు కరిగే జూన్ ఆఖరుకల్లా మనుషుల్ని కుదుర్చుకోవడం అయిపోతుంది. పెద్ద హోటల్లో చేశారా అని ఎవరూ అడగరు. పన్నెండు మందికి వారం రోజులు విసుక్కోకుండా వండగలరా, రోజంతా గుర్రం మీద కూర్చోగలరా అనే చూస్తారు. ప్రథమ చికిత్స సర్టిఫికెట్ ఉంటే మేలు. ఎఫ్-1 వీసాతో చదువుకుంటున్న మన పిల్లలు మాత్రం జాగ్రత్త: అనుమతి లేకుండా కాలేజీ బయట జీతానికి పనిచేస్తే వీసాకే ముప్పు.

మెనూ, మూటలు

అసలు వంట ఇక్కడే అయిపోతుంది. లోపలికి వెళ్లాక ఉప్పు అయిపోయిందంటే పక్కింటికి పరిగెత్తడానికి పక్కిల్లు ఉండదు.

ఏ రోజు ఏం తింటారో రాసుకుని, చివరి రోజు నుంచి వెనక్కి సర్దుకుంటూ రండి. ఐదో రోజు మాంసాన్ని రాయిలా గడ్డకట్టించి ఐస్‌పెట్టె అడుగున పెట్టాలి, మొదటి రోజు కోడిమాంసం పైన. ఆకుకూరలు రెండు రోజుల్లో ఖర్చయిపోవాలి. క్యాబేజీ, క్యారెట్, బంగాళాదుంప చివరిదాకా ఆగుతాయి. గుడ్లను ఓట్స్ డబ్బాలో పూడ్చి తీసుకెళ్లాను. గుడ్లు పగల్లేదు, ఓట్స్ పొద్దున జావకు పనికొచ్చాయి.

బరువు సంగతి కావడి మోసిన వాళ్లకు చెప్పక్కర్లేదు. కంచర గాడిదకు రెండు పక్కలా పెట్టెలు సరితూగాలి. ఒకవైపు మొగ్గితే జీను జారుతుంది, దాని వీపు పుండవుతుంది. ఒక్కో జంతువు మీద సుమారు 70 కిలోలు. ప్రతి పెట్టెనూ కాటా వేయండి, ప్యాకర్ (జంతువుల మీద మూటలు కట్టే మనిషి) చెబితే మారుమాటాడకుండా తీసి మళ్లీ సర్దండి.

నా మొదటి ట్రిప్పులో ఉప్పు డబ్బాను నాలుగో రోజు పెట్టెలో, పిండి బస్తా కింద పెట్టాను. మొదటి రాత్రి చీకట్లో అన్ని మూటలూ విప్పినా దొరకలేదు. ఉప్పు పట్టించిన పంది మాంసం, బేకన్‌ను ముక్కలు కోసి బీన్స్‌లో కలిపి గట్టెక్కాను. ఎవరూ ఏమనలేదు గానీ, ప్యాకర్ నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

రోజు ఎలా గడుస్తుంది

నాలుగున్నరకు లేవాలి. ముందు కాఫీ. నీళ్లు మరిగాక దించి, బరక పొడి వేసి, నాలుగు నిమిషాలాగి, చన్నీళ్లు చిలకరిస్తే పొడి అడుక్కి దిగుతుంది. మేతకు వదిలిన గుర్రాల్ని తోలుకొచ్చిన వాళ్లు తిన్నగా ఈ కుండ దగ్గరికే వస్తారు. టిఫిన్ పెట్టేటప్పుడే మధ్యాహ్నపు రొట్టె, మాంసం, చీజ్ బల్ల మీద పరిచేయండి, ఎవరి పొట్లం వాళ్లు కట్టుకుంటారు. ఆ తర్వాత రెండు మూడు గంటలు మీవి. నిద్రపోండి.

ఎత్తు పెరిగేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. 1,800 మీటర్ల దగ్గర దాదాపు 94 డిగ్రీలకే. బీన్స్, శనగలు రాత్రే నానబెట్టకపోతే రాళ్లే. కుక్కర్ బరువైనా మోయించుకోండి. తాగే నీళ్లు సలసలా ఒక నిమిషం కాగాలి. 2,000 మీటర్లు దాటితే మూడు నిమిషాలు. వాగు ఎంత తేటగా ఉన్నా, విరేచనాలు పట్టించే జియార్డియా అనే సూక్ష్మజీవి కంటికి కనబడదు.

డచ్ అవెన్

కుంపటి మీద మినపరొట్టె కాల్చి, మూత మీద నిప్పులు పేర్చిన అమ్మమ్మలకు ఇది కొత్త కాదు. 12 అంగుళాల ఇనప కుండకు 24 బొగ్గు బిళ్లలు: మూత మీద 16, కింద 8. లోపల దాదాపు 175 డిగ్రీల వేడి వస్తుంది. పావుగంటకోసారి కుండను పావు చుట్టు ఒకవైపు, మూతను రెండోవైపు తిప్పండి, మాడదు. మాటిమాటికీ మూత తీసి చూడకండి. వేడి పోతుంది, బూడిద రొట్టె మీద రాలుతుంది.

ఎలుగుబంట్లు

ఇది గ్రిజ్లీలనే పెద్ద ఎలుగుబంట్ల ఇల్లు. తిండే కాదు, టూత్‌పేస్టు, సబ్బు, ఖాళీ డబ్బాలు, వాసన వచ్చేదేదైనా ఎలుగు తెరవలేని పెట్టెల్లో ఉండాలి. లేదంటే నేలకు పదడుగుల ఎత్తున, చెట్టు మానుకు నాలుగడుగుల దూరంలో వేలాడాలి. గిన్నెలు కడిగిన నీళ్లను జల్లెడ పట్టి, వాగుకు 60 మీటర్ల అవతల చల్లండి. జల్లెడలో మిగిలిన మెతుకులు చెత్త సంచిలోకి. వంట గుడారంలో పడుకోవద్దు. బేకన్ వేయించిన చొక్కాతో నిద్రకు వెళ్లొద్దు, ఆ చొక్కా కూడా పెట్టెలోకే. ఎలుగు మీదికొస్తే కొట్టే మిరప ఘాటు బేర్ స్ప్రే సంచిలో కాదు, నడుముకు ఉండాలి.

చెత్తంతా తిరుగు ప్రయాణంలో మీతోనే బయటికి వస్తుంది. వచ్చే దారిలో జీను మీద కూర్చునే తర్వాతి ట్రిప్పు జాబితా రాసుకోండి. నా పుస్తకంలో ఆ వేసవంతా మొదటి గీత ఒకటే: ఉప్పు, మొదటి పెట్టె, అన్నిటికన్నా పైన.