ల్యాబ్ ఎక్స్‌టర్నల్స్‌కి ముందు: సీ స్ట్రింగ్‌లతో జాగ్రత్త

మొన్న వైజాగ్‌లో ఒక కాలేజీ ఇంటర్నల్ ల్యాబ్‌లో ఒకమ్మాయి ఇంగ్లిష్‌లో విశాఖపట్నం అన్న పేరుకి 13 అక్షరాలు లెక్కపెట్టి, క్యారెక్టర్ ఎర్రేకి, అంటే అక్షరాలు దాచే గళ్ల వరసకి, సరిగ్గా 13 ఇచ్చింది. కంపైల్ అయింది, అవుట్‌పుట్ కూడా వచ్చింది. మేడమ్ వేరే సిస్టమ్‌లో నడిపితే ఊరి పేరు వెనకాల పిచ్చి గుర్తులు! సెమికోలన్ల సంగతి కంపైలరే చెబుతుంది కాబట్టి నేను చెప్పను. ఇది మాత్రం అది చెప్పకపోవచ్చు.

సీ భాషలో స్ట్రింగ్‌కి, అంటే అక్షరాల వరసకి, తన పొడవెంతో తెలీదు. చివర నల్, అంటే బ్యాక్‌స్లాష్ జీరో, కనబడేదాకా, తెరమీద చూపించే ప్రింట్‌ఎఫ్ చదువుకుంటూ పోతుంది. 13 అక్షరాలకి 14 గళ్లు కావాలి. 13 ఇస్తే సీ ఒప్పుకుని నల్‌ని వదిలేస్తుంది. సీ ప్లస్ ప్లస్ అయితే ఎర్రర్ ఇచ్చేది. పక్క మెమరీలో అదృష్టం కొద్దీ సున్నా ఉంటే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. "నా సిస్టమ్‌లో వచ్చింది మేడమ్" అనేవాళ్లలో చాలామంది కథ ఇదే.

ఇన్‌పుట్: కీబోర్డ్ నుంచి లైన్ చదివే గెట్స్‌ని ముట్టుకోకండి. ఎర్రే ఎంతుందో దానికి తెలీదు. 1988లో ఇంటర్నెట్‌లో పాకిన మోరిస్ వర్మ్ అనే ప్రోగ్రామ్ దూరిన సందుల్లో ఇదొకటి. 2011 నాటి సీ ప్రమాణంలో గెట్స్‌ని తీసేశారు. దాని బదులు వాడే ఎఫ్‌గెట్స్‌కి 14 ఇస్తే 13 చదివి నల్ తనే పెడుతుంది. చోటుంటే ఎంటర్ నొక్కిన న్యూలైన్ కూడా లోపలికొస్తుంది, తీసేయండి. స్కాన్‌ఎఫ్‌లో అయితే పర్సెంట్‌కీ ఎస్‌కీ మధ్య 13 రాయాలి, 14 కాదు. పైగా ఎంవీపీ కాలనీ అని కొడితే మధ్యలో ఖాళీ రాగానే అది ఎంవీపీ దగ్గరే ఆగిపోతుంది.

కాపీ: స్ట్రింగ్‌-ఎన్‌-కాపీ పేరు చూసి సేఫ్ అనుకోకండి. సోర్స్ పొడవు మీరిచ్చిన సంఖ్యకి సమానమైనా, మించినా నల్ పెట్టదు. మీరే పెట్టాలి.

ఇక వరసగా వినండి. మెమరీ అడిగే మాలాక్‌కి స్ట్రింగ్ లెంగ్త్ ఇచ్చారా? ప్లస్ ఒకటి. ఒక స్ట్రింగ్ వెనక ఇంకోటి అతికించే స్ట్రింగ్‌క్యాట్ చేసేముందు రెండు పొడవులూ కలపండి, ప్లస్ ఒకటి. ఈక్వల్ ఈక్వల్‌తో స్ట్రింగ్‌లని పోల్చొద్దు. ఫంక్షన్‌కి పంపిన ఎర్రే మీద సైజు చెప్పే సైజాఫ్ వేయొద్దు, వచ్చేది పాయింటర్ (మెమరీ చిరునామా) సైజు. కోట్స్‌లో రాసిన స్ట్రింగ్‌ని పాయింటర్‌తో పట్టుకుని మార్చొద్దు. తిరగేసేటప్పుడు లెంగ్త్ మైనస్ ఒకటి నుంచి మొదలెట్టండి, లేకపోతే నల్ ముందుకొచ్చి ఖాళీ లైన్ ప్రింటవుతుంది. తెలుగులో విశాఖ అని రాస్తే మూడక్షరాలని మురిసిపోకండి, కంప్యూటర్ తెలుగుని దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో 15 బైట్లు. ఎర్రేకి 16 ఇవ్వండి. లూప్ పెట్టి అక్షరం అక్షరం మీరే కాపీ చేస్తుంటే, లూప్ బయటికి రాగానే నల్ పెట్టండి. ప్రింట్‌ఎఫ్ ఆ తర్వాతే.