జిరంగ్ వెళ్తే థుక్పా ఇలా తినండి

ఒడిశాలోని బరంపురం నుంచి జిరంగ్ వెళ్లి, 2010లో దలైలామా ప్రారంభించిన బౌద్ధ మఠం ముందు ఫొటోలు దిగి, ఇంటి నుంచి కట్టుకెళ్లిన పులిహోర తినేసి వచ్చేసేవాళ్ల కోసం ఇది. జిరంగ్ ఉన్న ఈ చంద్రగిరి చుట్టూ 1963 నుంచి టిబెటన్లు ఉంటున్నారు. వాళ్ల చిన్న హోటళ్లలో ఓ పూట థుక్పా, అంటే నూడుల్స్ వేసిన వేడి చారు, తినండి.

వంట, వడ్డన, బిల్లు అన్నీ ఇంట్లోవాళ్లే చూసుకుంటారు కాబట్టి ఆకలి ముదరకముందే వెళ్లండి, తొందరపెట్టకండి. చలికాలంలో కొన్ని మూసి ఉండొచ్చు, చాలామంది స్వెటర్లు అమ్మడానికి మనలాంటి ఊళ్లకే వస్తారు మరి.

నన్నడిగితే థుక్పాల్లో థెంథుక్ అనే రకం చెప్పండి. పిండిని పొడుగ్గా పట్టీలా సాగదీసి, చేతిమీద వేలాడేసుకుని, బొటనవేలంత ముక్కలు తుంచి మరుగుతున్న చారులోకి చకచకా విసురుతుంటే చూడ్డానికే బాగుంటుంది. మాంసం తిననివాళ్లు పైన వేసే ముక్కల గురించే కాదు, చారు ఎముకలతో కాచారేమో కూడా ముందే అడగాలి. ఒడియా, హిందీ ఏదైనా నడుస్తుంది.

ముందు ఉత్త చారు రెండు చెంచాలు తాగండి. సెపెన్ అనే ఎర్ర మిరప పచ్చడి ఆ తర్వాతే, అదీ కొంచెం కొంచెంగా. ఆవకాయ తిన్న నోరు కదా అని నేను గరిటెడు కలిపేశాను, ఇక కారం తప్ప ఇంకేం తెలిస్తే ఒట్టు! గిన్నె ఎత్తి తాగినా తప్పులేదు.

వెన్న టీ ఉప్పగా ఉంటుంది, చారు అనుకుంటే దిగుతుంది. చేతిలో నోట్లు ఉంచుకోండి, కొండల్లో సిగ్నల్‌ని నమ్మలేం.