ఇంట్లో రోగి సంరక్షణ – 3వ పాఠం: ఎవరు రావాలి, ఏ వేళకు రావాలి

పోయిన పాఠంలో రోగికి రోజంతా ఏమేం చేయాల్సి వస్తుందో గంటలవారీగా రాయమన్నాను. ఆ కాగితం తీసుకోండి. ప్రతి పని పక్కనా ఒక అక్షరం వేయాలి: నర్సుకు ‘న’, సహాయకులకు ‘స’, థెరపిస్టుకు ‘థె’, ఇంటివాళ్లకు ‘ఇ’.

ఇంజెక్షన్, సెలైన్, పుండుకు కట్టు మార్చడం, మూత్రపు గొట్టం మార్చడం నర్సు పనులు. స్నానం, తినిపించడం, డయపర్ మార్చడం, చెయ్యి పట్టుకుని నడిపించడం సహాయకులు చేస్తారు. బిగుసుకున్న కీళ్లను కదిలించడం, మళ్లీ నడక నేర్పడం ఫిజియోథెరపిస్టు చూస్తారు. మాట తడబడితే స్పీచ్ థెరపిస్టును పిలుస్తాం కదా, మింగడం కష్టమైనా వాళ్లనే పిలవాలి. ఈ సంగతి చాలా ఇళ్లలో ఆలస్యంగా తెలుస్తుంది. ‘న’ అని రాసిన పనిని మాత్రం ఎంత తొందరున్నా సహాయకుల చేత చేయించకండి.

ఇక వేళలు. కొందరు వచ్చి పని చూసుకుని గంటలోపే వెళ్లిపోతారు. కొందరు 8 లేదా 12 గంటల షిఫ్టు చేస్తారు. మరికొందరు ఇంట్లోనే ఉంటారు. ఈ మూడో ఏర్పాటు గురించి కుటుంబాలు పెట్టుకునే ఆశలే నన్ను ఎక్కువ కలవరపెడతాయి. ఇంట్లో ఉండే మనిషికీ నిద్ర కావాలి. రోగి రాత్రంతా పడుకుంటే ఒక్కరు సరిపోతారు. పుండ్లు పడకుండా రెండేసి గంటలకోసారి పక్కకు తిప్పాలన్నా, మతిమరుపు జబ్బుతో రాత్రిళ్లు లేచి తిరుగుతున్నా రాత్రికి వేరే మనిషి ఉండాల్సిందే. అదే మనిషిని పగలూ రాత్రీ మేలుకోమంటే ముందు ఆ మనిషి కుంగిపోతారు, తర్వాత రోగికి ప్రమాదం.

ఒక ఉదాహరణ చూద్దాం. పక్షవాతంతో కుడివైపు బలం తగ్గిన పెద్దాయన. షుగరుంది, భోజనానికి ముందు ఇన్సులిన్ వేయాలి. ఉదయం 8కి తినే ఆయన దగ్గరికి నర్సు 10కి వస్తే లాభం లేదు. కాబట్టి ముందు తిండి వేళ, దాన్నిబట్టి నర్సు వేళ. ఇంటివాళ్లు నర్సు దగ్గర ఇన్సులిన్ వేయడం నేర్చుకుంటే ఆ ‘న’ కాస్తా ‘ఇ’ అవుతుంది. లేపడం, స్నానం, బట్టలు అన్నీ 7 నుంచి 10 మధ్యే వస్తాయి, సహాయకులు అప్పుడు తప్పకుండా ఉండాలి. ఫిజియోథెరపీని స్నానమైన వెంటనే పెట్టకండి, అలిసిపోయిన ఒంటితో వ్యాయామం సాగదు. సాయంత్రం నయం. ఇక రాత్రి రెండుసార్లు బాత్రూముకు లేస్తారు, పడిపోయే భయం ఎక్కువ. ఇంత చూశాక అలవాటుకొద్దీ పగటి 12 గంటల షిఫ్టు తీసుకుంటే ఆ రాత్రి గంటలు ఖాళీగా మిగిలిపోతాయి. ఉదయం 7 నుంచి 10 దాకా ఒకరు, రాత్రికి ఒకరు అయితే ఈయనకు సరిగ్గా అమరుతుంది.

షిఫ్టు మారేటప్పుడు ఇద్దరూ ఓ పావుగంట కలిసి ఉండేలా చూడండి. ఏ మందు ఎప్పుడు వేశారు, ఎంత తిన్నారు అన్నది పుస్తకంలో రాయించండి.

అభ్యాసం: మీ కాగితంలో అక్షరాలు వేశాక ‘స’లు గుంపుగా ఉన్న గంటలకు గీత గీయండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 లోపు ఎన్ని పనులున్నాయో విడిగా లెక్కపెట్టండి. రోగిని కూడా అడగండి, స్నానం ఎప్పుడు ఇష్టం, ఎవరు చేయిస్తే ఇబ్బంది ఉండదు అని. ఆ జవాబును కాగితం పైభాగాన రాయండి. నర్సులను, సహాయకులను పంపే సంస్థతో మాట్లాడేటప్పుడు అడగాల్సిన ప్రశ్నలను 4వ పాఠంలో ఈ కాగితం నుంచే తయారుచేద్దాం.