తొలకరికి ముందు కాలనీ తోటలో: వాలంటీర్లకు జాగ్రత్తలు

మృగశిర కార్తె దగ్గర పడుతోంది. హైదరాబాద్ కాలనీల్లో ఖాళీ జాగాలను పదిమంది కలిసి కూరగాయల మడులుగా మార్చుకున్న చోట్ల పని పెరిగేది ఇప్పుడే. బెండ, గోరుచిక్కుడు, బీర గింజలు తొలి వానలకే పడాలి కదా. ఆదివారం సాయానికని కొత్తగా వచ్చేవాళ్లు ముందు అడిగేది "ఇక్కడ పాములుంటాయా?" అని. ఉండొచ్చు. మోటారు వైరుకు ఎక్కడెక్కడ అతుకులున్నాయో మాత్రం ఎవరూ అడగరు. నన్నడిగితే ముందు చూడాల్సింది అదే.

వానలు మొదలయ్యేలోపు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి బోరు మోటారుకు, స్టార్టరు డబ్బాకు ఎర్తింగ్ ఉందో లేదో చూపించండి. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించండి. కరెంటు లీకైతే అది రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. టేపు చుట్టిన అతుకులు తడి మట్టిలో పడి ఉండకూడదు. తడి చేతులతో, చెప్పుల్లేకుండా స్విచ్ ముట్టొద్దు. ఎవరికైనా షాక్ కొడితే మనిషిని పట్టుకుని లాగకండి, ముందు మెయిన్ ఆపండి. బయట లైను తెగి పడితే అందరినీ దూరం జరిపి 1912కి ఫోన్ చేయండి. పందిరికి కట్టే ఇనుప తీగ సర్వీసు వైరుకు తగులుతోందేమో కూడా చూసుకోండి, చాలామందికి తట్టని సంగతి ఇది.

ఇక పాముల మాట. ఇటుకల కుప్ప, ఎండిన కొబ్బరి మట్టలు, వాడని గోనె సంచులు ఉన్నచోట ఎలుకలు చేరతాయి, వాటి కోసం పాము వస్తుంది. ఆ కుప్పలన్నీ వానలకు ముందే, పట్టపగలు, పొడవాటి కర్రతో కదిపి తీసేయండి. ఆకుల ఎరువు గుంతలో వట్టి చేయి పెట్టొద్దు. పాదాలు పూర్తిగా మూసే బూట్లు వేసుకోండి, చీకటి పడితే టార్చి లేకుండా అడుగు వేయొద్దు.

కాటు పడితే నోటితో పీల్చడం, బ్లేడుతో కోయడం, తాడు బిగించి కట్టడం, పసరు పోయడం ఏదీ చేయొద్దు. ఉంగరాలు, వాచీ తీసేసి, కాటు పడిన చేయి లేదా కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. పామును చంపి తీసుకెళ్లక్కర్లేదు. మన దగ్గర వాడే యాంటీవెనమ్ నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ పనిచేస్తుంది. రక్తపింజరి విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు కాబట్టి, డాక్టర్లు కొంచెం రక్తం గాజు గొట్టంలో 20 నిమిషాలు ఉంచి చూస్తారు. కట్లపాము కాటుకు వాపు, నొప్పి అంతగా ఉండవు. "ఏం కాలేదులే" అని ఇంటికి పోవద్దు. దగ్గర్లో ఏ ఆసుపత్రిలో యాంటీవెనమ్ ఉంటుందో ఈ వారమే కనుక్కుని, ఆ పేరు, నంబరు గేటు మీద రాసి పెట్టండి.

ఉరుము వినపడితే పార, గునపం అక్కడే వదిలేసి పక్కా భవనంలోకి వెళ్లండి. చెట్టు కింద, రేకుల షెడ్డులో నిలబడొద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి బయటికి రండి.

బురదలో ఎలుకల మూత్రం కలిసి ఉంటే కాలి పగుళ్ల గుండా లెప్టోస్పైరోసిస్ రావచ్చు. పని చేశాక కొద్దిరోజులకు జ్వరం, పిక్కల నొప్పి, కళ్లెర్రబడటం కనిపిస్తే బురదలో పనిచేశామని డాక్టరుకు చెప్పండి. చెప్పకపోతే మామూలు వైరల్ జ్వరం అనుకునే అవకాశం ఎక్కువ. టెటనస్ ఇంజెక్షన్ వేయించుకుని పదేళ్లు దాటినవాళ్లు ఇప్పుడే వేయించుకోండి. నీళ్ల డ్రమ్ములకు మూతలు పెట్టి, వారానికోసారి ఖాళీ చేసి లోపల రుద్ది కడగాలి, డెంగీ దోమ గుడ్లు అంచులకే అంటుకుంటాయి.

నాలా పొంగి మురుగునీళ్లు మడుల్లోకి వస్తే ఆ కోతలో ఆకుకూర, కొత్తిమీర ఎవరికీ పంచొద్దు. పీకేసి మళ్లీ విత్తుకోవడమే. కష్టపడి పెంచింది కదా అని బాధపడేవాళ్లుంటారు, అయినా సరే.