పెళ్లిళ్ల సీజన్‌లో ఫోను: ఆ ‘ఓకే’ నొక్కకండి

శ్రావణమాసం పెళ్లిళ్లు వస్తున్నాయి. అనంతపురం బస్టాండులో, ఫంక్షన్ హాళ్లలో కాలు పెట్టే సందుండదు. మొన్న బెంగళూరు బస్సు కోసం కూర్చున్న ఒకాయన, ‘ఫ్రీ వైఫై’ అని పేరు కనిపిస్తే కనెక్ట్ అయ్యాడు. స్పీడు కావాలంటే యాప్ వేసుకోమని ఒక పేజీ వచ్చింది. ఓకే. మెసేజ్‌లు చదవడానికి పర్మిషన్ అడిగింది. దానికీ ఓకే. బస్సు పెనుకొండ దాటేలోపు ఖాతా ఊడ్చుకుపోయింది. ఓటీపీని ఆయనకంటే ముందు ఆ యాప్ చదివేసింది మరి.

మా షాపుకు ఏడుపు ముఖంతో వచ్చేవాళ్లలో చాలామంది చేసిన తప్పు ఇదే. మీరు మొదలుపెట్టని పనికి ఫోను ఓకే అడిగితే నొక్కొద్దు.

వైఫై పేరు ఎవరైనా, ఏదైనా పెట్టుకోవచ్చు. హోటల్ పేరుతో పక్క టేబుల్ కుర్రాడు హాట్‌స్పాట్ పెట్టినా మీకు తేడా తెలియదు. కౌంటర్లో అడిగి కలపండి. డబ్బు పనులకు సిమ్ డేటా వాడండి. ఇంటి వైఫై 2.4 గిగాహెర్ట్జ్‌లో ఉంటే గోడలు దాటి వీధిలోకీ అందుతుంది, కాబట్టి పాస్‌వర్డ్ గట్టిది పెట్టండి.

బ్లూటూత్ మామూలుగా ఓ 10 మీటర్లు పోతుంది. నెట్ అక్కర్లేదు. అంటే భోజనాల బంతిలో ఎదురు వరుసవాడు కూడా మీ ఫోనుకు జత కలపమని అడగొచ్చు. “ఏం కాదులే అన్నా, ఓకే కొడితే పోతుంది” అంటారు. పోయేది డబ్బు! తెలియని పేరుతో ఆరంకెల కోడ్ కనిపిస్తే క్యాన్సిల్ కొట్టండి.

ఫోనునో కార్డునో మెషీన్‌కు ఆనించి డబ్బు కట్టే ఎన్ఎఫ్‌సీకి మాత్రం జనం అనవసరంగా భయపడతారు. అది పనిచేసేది 4 సెంటీమీటర్ల లోపే. అయితే ట్యాప్ కార్డు పోతే ప్రమాదం: 2021 జనవరి నుంచి 5,000 రూపాయల దాకా పిన్ లేకుండా చెల్లిపోతుంది. బ్యాంకు యాప్‌లో ఆ సౌకర్యం ఆపేయొచ్చు.

ఇక ఇవి:
హాట్‌స్పాట్‌కు పాస్‌వర్డ్ లేకుండా వదలొద్దు. దానికి కలిపినవాడు చేసే వెధవ పనికి పోలీసులు మొదట వెతికేది మీ నంబరునే.
ఐఫోన్‌లో పైనుంచి లాగి బ్లూటూత్ నొక్కితే పూర్తిగా ఆగదు, సెట్టింగ్స్‌లో ఆపండి.
వాట్సాప్‌లో పెళ్లిపత్రిక ఏపీకే ఫైలుగా (అంటే ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు) వస్తే తెరవొద్దు, మేనమామ నంబరు నుంచి వచ్చినా సరే.
డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు.
మీరు అడగనిదానికి ఓకే నొక్కొద్దు. మళ్లీ చెబుతున్నా, నొక్కొద్దు.
నొక్కేశారా? వెంటనే ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. కొన్ని ఫోన్లలో వైఫై అలాగే ఉండిపోతుంది, అదీ ఆపండి. పక్కవాళ్ల ఫోను తీసుకుని బ్యాంకుకు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. తెల్లారనీలే అని పడుకోవద్దు.